కీబోర్డు ఊడదీసే ట్యాబ్లెట్: గోదావరి డెల్టాలో లెక్కల పనికి ల్యాప్‌టాప్ బదులు సరిపోతుందా?

ముందే తేల్చి చెబుతాను. చూసే పనికి, ఎదుటివాళ్లకి చూపించే పనికి, సంతకం పెట్టించుకునే పనికి ఈ రకం ట్యాబ్లెట్ ల్యాప్‌టాప్ కంటే నయం. పొద్దస్తమానం కూర్చుని ఎంట్రీలు కొట్టే పనికి పనికిరాదు. మధ్యలో మిగిలిన పనులు, అంటే జీఎస్టీ, ఈ-వే బిల్లులు, కాటా చీటీలు, ప్రింట్లు, ఇవన్నీ తేలేది ట్యాబ్ అంచున ఉన్న పోర్టు దగ్గర. ఏ తీగ తగిలించాలి, ఆ తీగ చివరున్న వస్తువుకి డ్రైవరు ఉందా లేదా అని చూసుకోకుండా ప్రాసెసరు, ర్యామ్ అంటూ కొలతలు చూసి కొనేవాళ్లే ఎక్కువ.

నేను వాడుతున్నది విండోస్ రకం. 12 అంగుళాల పైచిలుకు స్క్రీను, పదో తరం ఇంటెల్ ఐ5, 8 జీబీ ర్యామ్, వెనక మడత స్టాండు, అయస్కాంతంతో అతుక్కునే కీబోర్డు కవరు, ఒక మామూలు యూఎస్‌బీ, ఒక టైప్-సీ. పని భీమవరం, పాలకొల్లు, నరసాపురం వైపు: రైస్ మిల్లులు, మేత డీలర్లు, రొయ్యల కొనుగోలు షెడ్లు. సాఫ్ట్‌వేరు టాలీ ప్రైమ్ (వ్యాపార లెక్కలు రాసేది), ఎక్సెల్, బ్రౌజరు. వీడియోలు, గేముల సంగతి ఇందులో ఉండదు.

బరువు తక్కువని కొనేటట్టయితే ఒకసారి లెక్క వేసుకోండి. ఉదాహరణకి మైక్రోసాఫ్ట్ వాళ్ల సర్ఫేస్ ప్రో 7 ట్యాబ్ 775 గ్రాములు, దాని కవరు 310. అక్కడికే కేజీ దాటింది. చార్జరు, హబ్బు (ఒక పోర్టుని నాలుగైదు చేసే డబ్బా), మౌసు, నంబర్ ప్యాడ్ కూడా సంచిలో పడ్డాక 14 అంగుళాల ల్యాప్‌టాప్‌కి దీనికి తేడా ఏమీ మిగలదు. లాభమల్లా కీబోర్డు ఊడదీశాక చేతిలో ముప్పావు కేజీ పలక మిగలడమే. షెడ్డులో రొయ్యల పట్టుబడి తూకం జరుగుతుంటే "ఈ కౌంటుకి (కేజీకి ఎన్ని రొయ్యలో ఆ లెక్కకి) ఈ రేటేంటండీ" అని రైతు అడిగినప్పుడు, కాటా తూకాలు, కౌంటు, రేటు ఉన్న షీటు ఆయన చేతికే ఇచ్చి చూపించొచ్చు. వేలితో పెద్దది చేసుకుని ఆయనే చూసుకుంటాడు. ల్యాప్‌టాప్‌ని అలా చేతిలో పెట్టలేం.

ఒళ్లో పెట్టుకుని వాడటం మాత్రం మరిచిపోండి. ల్యాప్‌టాప్ బరువు కీబోర్డు వైపు ఉంటుంది, దీని బరువంతా స్క్రీనులోనే. కవరు, వెనక స్టాండు కలిపి పరిస్తే ముందునుంచి వెనక్కి అడుగు పైనే చోటు కావాలి. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటే స్టాండు అంచు మోకాళ్ల దాకా వెళ్తుంది, ఇంకొంచెం జరిగితే కిందపడుతుంది. లుంగీ మీదైతే మరీ జారుతుంది. మడత మంచం మీద స్టాండు నవారులోకి దిగబడి స్క్రీను వెనక్కి వాలిపోతుంది. రైలు బెర్తు మీద, గట్టి బల్ల మీద ఏ ఇబ్బందీ లేదు. బల్ల దొరకని చోట్లు మీకు ఎక్కువైతే, పావు అంగుళం ప్లైవుడ్ చెక్క అడుగున్నర పొడవు కోయించి సంచిలో పెట్టుకోవడమే మార్గం. అది పెట్టాక బరువు తగ్గిందన్న మాట ఎలాగూ లేదు.

టాలీ అంటే ఎఫ్ కీలే కదా. ఎఫ్5 పేమెంట్, ఎఫ్6 రిసీట్, ఎఫ్7 జర్నల్, ఎఫ్8 సేల్స్, ఎఫ్9 పర్చేజ్. కవరు కీబోర్డుల్లో ఆ పై వరుస కీలు కొన్నప్పుడు వాల్యూము, వెలుతురు మార్చే పని చేస్తుంటాయి. ఎఫ్ఎన్ కీ మీద చిన్న లైటు ఉంటే ఒకసారి నొక్కి వెలిగించాలి, అప్పుడవి మామూలు ఎఫ్ కీలవుతాయి. లైటు లేనివాటిలో చాలామటుకు ఎఫ్ఎన్, ఎస్కేప్ కలిపి నొక్కాలి. కొన్నిట్లో కవరు ఊడదీసి మళ్లీ తగిలించినప్పుడు ఈ లాకు పోతుంది. వోచరు తెరవబోతే సౌండు పెరిగితే కారణం ఇదే.

పక్కన అంకెల మీటలు లేకపోవడం అంతకంటే పెద్ద లోటు. పర్చేజ్ బిల్లులు వరసపెట్టి ఎక్కించేటప్పుడు పై వరుస అంకెలతో వేగం సగానికి పడిపోతుంది, తప్పులూ పెరుగుతాయి. ఇరవై బిల్లుల వరకూ ఓర్చుకోవచ్చు. అది దాటితే బ్లూటూత్ నంబర్ ప్యాడ్ తీసుకోండి. యూఎస్‌బీది వద్దు, ఉన్న ఒక్క పోర్టూ అది తినేస్తుంది. టాలీలో టచ్ మీద ఆశ పెట్టుకోకండి. ఆ వరుసలు వేలికి అందేంత పెద్దవి కావు, అసలు ఆ సాఫ్ట్‌వేరు మీటల కోసం పుట్టింది.

తెలుగు టైపింగుకి ఏ అడ్డూ లేదు. విండోస్ సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్‌కి వెళ్లి తెలుగు చేర్చి, దాని ఆప్షన్స్‌లో తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఎంచుకుంటే చాలు. 2019 మే అప్‌డేట్ నుంచి ఇది విండోస్‌లోనే వస్తోంది. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది. స్క్రీను మీది కీబోర్డు మాత్రం పేజీలో సగం మింగేస్తుంది, నాలుగు వరుసల మెసేజికి తప్ప పనికిరాదు.

ఇక పోర్టు. ప్రొప్రయిటర్ వ్యాపారమైతే జీఎస్టీ రిటర్నుకి ఫోనుకొచ్చే ఓటీపీ చాలు, ఏ ట్యాబ్‌లోనైనా బ్రౌజర్లో అయిపోతుంది. కంపెనీకీ, ఎల్ఎల్‌పీకీ డిజిటల్ సంతకం తప్పదు. ఆ సంతకం ఉండే టోకెన్లు, అంటే పెన్ డ్రైవ్ లాంటివి, దాదాపు అన్నీ పాత మామూలు యూఎస్‌బీకి దిగేవే. టైప్-సీ మాత్రమే ఉన్న ట్యాబ్‌కి మధ్యలో హబ్బు కావాలి, గొడవంతా అక్కడే. చవక హబ్బులో టోకెను, ప్రింటరు, మౌసు ఒకేసారి గుచ్చితే సరిగ్గా సంతకం దగ్గరకొచ్చేసరికి టోకెను కనపడకుండా పోతుంది. హబ్బుకి కరెంటు చాలకపోవడం ఒక కారణం. కరెంటు పొదుపు కోసం విండోస్ ఆ పోర్టుని నిద్రపుచ్చడం ఇంకో కారణం. టోకెను ఒక్కదాన్నే నేరుగా ట్యాబ్‌కి గుచ్చి, మౌసు బ్లూటూత్ చేసుకుని, పవర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపేస్తే ఈ బాధ చాలావరకు తీరుతుంది.

కాటా దగ్గర ఇంకో తంటా. లారీలు తూచే వేబ్రిడ్జి దగ్గర తూకం చూపించే ఇండికేటర్ల నుంచి వచ్చేది తొమ్మిది పిన్నుల సీరియల్ తీగ. దాన్ని యూఎస్‌బీకి మార్చే కేబుల్లో ఏ చిప్పు ఉందో చూసి కొనండి. ప్రొలిఫిక్ కంపెనీ పాత చిప్పులకి, వాటి నకిలీలకి కొత్త విండోస్ డ్రైవరు పని చేయదు. డివైస్ మేనేజర్లో పసుపు గుర్తు కనిపిస్తుంది, తూకం రాదు. ఎఫ్‌టీడీఐ కంపెనీ చిప్పున్నది కొంచెం ఖరీదైనా తీసుకోండి. కేబుల్ బాగున్నా తూకం రావడం లేదంటే కామ్ పోర్టు నంబరు (ఆ కేబుల్‌కి విండోస్ ఇచ్చే నంబరు) మారిపోయి ఉంటుంది. నిన్న ట్యాబ్‌కి, ఇవాళ హబ్బుకి గుచ్చితే కామ్ 3 కాస్తా కామ్ 5 అవుతుంది, తూకం సాఫ్ట్‌వేరు ఇంకా 3లోనే వెతుకుతుంటుంది. డివైస్ మేనేజర్లో పోర్ట్స్ కింద ఆ కేబుల్ ప్రాపర్టీస్ తెరిచి, అడ్వాన్స్‌డ్‌లో పాత నంబరే ఇచ్చేయండి.

కొత్తగా వస్తున్న, ఇంటెల్ బదులు స్నాప్‌డ్రాగన్ చిప్పున్న విండోస్ ట్యాబ్‌లకి చార్జింగు ఎక్కువసేపు ఉంటుంది, వేడీ తక్కువే. కానీ పాత ఇంటెల్ ప్రోగ్రాములని అవి అనువదించి నడిపినట్టు డ్రైవర్లని నడపలేవు. ఆ చిప్పు కోసం విడిగా రాసిన డ్రైవరు ఉండాల్సిందే. మీ టోకెను, మీ డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు, మీ కాటా కేబుల్ మూడింటికీ అలాంటి డ్రైవరు ఉందని తయారీదారు సైటులో కంటితో చూశాకే డబ్బు కట్టండి. షాపులో "అన్నీ పనిచేస్తాయండీ" అంటారు, వాళ్ల దగ్గర కాటా ఉండదు.

ఆండ్రాయిడ్ ట్యాబ్, ఐప్యాడ్ లెక్కల మనిషికి రెండో యంత్రంగానే పనికొస్తాయి. టాలీ ప్రైమ్ వాటిలో ఎక్కదు. ఎక్సెల్ ఎక్కుతుంది గానీ మాక్రోలు (షీటులో తమంతట పని చేసే చిన్న ప్రోగ్రాములు) నడవవు, కాబట్టి మాక్రోలున్న ఆదాయపు పన్ను ఎక్సెల్ ఫారాలు అందులో తెరిచినా దండగే. పైగా 10.1 అంగుళాలు దాటిన స్క్రీను మీద ఎక్సెల్లో ఏదైనా మార్చాలంటే చందా కట్టాలి. చెరువు గట్టు మీద వాడకానికి ఐపీ68 (దుమ్ము, నీళ్లు చొరబడవన్న రేటింగు) ఉన్న ట్యాబ్‌లు బాగుంటాయి. ఆ ఐపీ68 పరీక్ష మంచినీళ్లలో చేసింది, మన ఉప్పునీటి చెరువుకి వర్తించదు. పడితే వెంటనే మంచినీళ్లతో కడిగి, పోర్టు పూర్తిగా ఆరేదాకా చార్జింగు పెట్టకూడదు.

ఉప్పుగాలి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, బయట ఊళ్ల సమీక్షల్లో ఇది కనపడదు. నరసాపురం, అంతర్వేది వైపు పనిచేసేవాళ్లకి మొదట పాడయ్యేది కీబోర్డు కవరు అతుక్కునే పిన్నులు. ట్యాబ్ కింది అంచున చిన్న బంగారు రంగు చుక్కల వరస ఉంటుంది. చేతి చెమట, గాలిలోని ఉప్పు కలిసి దాని మీద కంటికి ఆనని పొరలా పేరుకుంటాయి. మొదట్లో కీబోర్డు ఒక్క క్షణం చచ్చి మళ్లీ లేస్తుంది, క్యాప్స్ లాక్ లైటు ఆరిపోతుంది. తర్వాత ఒకే అక్షరం వరసగా పడుతుంది. చాలామంది ఇది సాఫ్ట్‌వేరు జబ్బనుకుని విండోస్ మళ్లీ ఎక్కిస్తారు. అవసరం లేదు. ట్యాబ్ పూర్తిగా ఆపి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి పిండిన ఇయర్ బడ్‌తో ట్యాబ్ వైపూ, కవరు వైపూ తుడిచి, ఐదు నిమిషాలు ఆరనివ్వండి. చేతులకి రాసుకునే శానిటైజరు వాడొద్దు, అందులో గ్లిజరిన్ ఉంటుంది, అది ఇంకో పొరై కూర్చుంటుంది. టైప్-సీ పోర్టులో పచ్చగా చిలుము కనిపిస్తే అప్పటికే ఆలస్యమైనట్టు. తడి పోర్టుకి చార్జరు గుచ్చితే కరెంటు పారి ఆ చిలుము గంటల్లోనే పెరుగుతుంది. గుడ్డ అంటించిన కవరు అసలు తీసుకోకండి. ఉక్కపోతలో చెమట పీల్చి అరచేతులుండే చోట నల్లబడుతుంది, వానాకాలంలో ముక్కవాసన వేస్తుంది.

మూడు పిన్నులున్నా ఎర్తింగు సరిగా లేని ఇళ్లలో, లేదా రెండు పిన్నుల చార్జరుతో, లోహపు వీపు మీద చేయి పెడితే చిమచిమలాడుతుంది. మంచి చార్జరుతో ఇది ప్రమాదం కాదు. చవక చార్జరైతే టచ్ కూడా పిచ్చిపట్టినట్టు తనంతట తనే నొక్కుకుంటుంది. చార్జరు పీకితే ఆగిపోయిందంటే దోషం స్క్రీనుది కాదు, చార్జరు మార్చండి.

ఎండకి ఇది ల్యాప్‌టాప్ కంటే ముందే లొంగిపోతుంది. ఐప్యాడ్, సర్ఫేస్ రెండింటికీ తయారీదారులు చెప్పే హద్దు 35 డిగ్రీలు. మే నెలలో రాజమండ్రిలో 40 దాటడం మామూలే. ఫ్యాను లేని ట్యాబ్ వేడెక్కితే వేగం తగ్గించుకోవడం తప్ప దానికి వేరే దారి లేదు. పొద్దున రెప్పపాటులో తెరుచుకున్న టాలీ రిపోర్టు మధ్యాహ్నం నత్తనడక నడుస్తుంది. ఐప్యాడ్ అయితే స్క్రీను మసకబరిచి, చార్జింగు ఆపేస్తుంది. వెనక స్టాండు పూర్తిగా తెరిచి, టేబుల్ ఫ్యాను గాలి వీపుకి తగిలేలా పెడితే చాలా తేడా ఉంటుంది. చార్జింగు పెట్టి బరువైన పని చేయొద్దు. గట్టు మీద మిట్టమధ్యాహ్నం స్క్రీను కనపడదు, నల్ల బ్యాక్‌గ్రౌండు తీసేసి తెల్లది పెడితే కొంచెం నయం. తడి వేళ్లకి టచ్ పలకదు, అప్పుడు పెన్ను అక్కరకొస్తుంది.

కరెంటు పోయే రోజుల్లో మాత్రం దీనిదే పైచేయి. టైప్-సీ పీడీ (పవర్ డెలివరీ) చార్జింగు ఉన్న ట్యాబ్‌కి 45 వాట్లు ఇవ్వగల పవర్ బ్యాంకు సరిపోతుంది, ఇన్వర్టరు ఇంటి ఫ్యాన్లకి వదిలేయొచ్చు. సంచిలో పెట్టిన ట్యాబ్ పొద్దునకి ఖాళీ అయిపోతుంటే, నిద్రలో కూడా ఇంటర్నెట్టుకి అంటిపెట్టుకుని ఉండే కొత్త తరహా స్లీపు దానికి కారణం. పవర్ బటన్ నొక్కితే స్లీపు బదులు హైబర్నేట్ అయ్యేలా కంట్రోల్ ప్యానెల్లో మార్చేయండి. లేవడానికి కొన్ని సెకన్లు ఎక్కువ పడుతుంది, అంతే.

బాగుచేయించుకోవడంలో ల్యాప్‌టాప్‌దే గెలుపు, అందులో సందేహం లేదు. ల్యాప్‌టాప్ కీబోర్డు, బ్యాటరీ రాజమండ్రిలోనో భీమవరంలోనో స్క్రూలు విప్పి మార్చేస్తారు. ఇందులో చాలా మోడళ్లకి బ్యాటరీ స్క్రీను వెనక జిగురుతో అంటించి ఉంటుంది. దాన్ని తీయాలంటే ముందు అద్దం లేపాలి, లేపితే అది పగిలే అవకాశం ఎక్కువ. కవరులో ఒక్క మీట పోయినా కవరంతా మార్చాలి. ర్యామ్ పెంచడం కుదరదు, కాబట్టి 4 జీబీది చవగ్గా వచ్చినా వద్దు. రోజంతా బల్ల మీద చార్జింగులోనే ఉంచేవాళ్లు చార్జింగు హద్దు 80 శాతానికో, సర్ఫేస్ అయితే యూఈఎఫ్ఐలో (విండోస్ లేవకముందు తెరిచే సెట్టింగ్స్‌లో) ఉన్న బ్యాటరీ లిమిట్‌తో 50 శాతానికో పెట్టుకోవాలి. లేకపోతే ఎండాకాలంలో బ్యాటరీ ఉబ్బే ప్రమాదం ఉంది.

సెకండ్ హ్యాండ్ కొంటుంటే ముందు ప్రాసెసరు తరం చూడండి. విండోస్ 10కి సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది, విండోస్ 11కి ఇంటెల్ అయితే ఎనిమిదో తరం నుంచి కావాలి. తర్వాత పెయింట్ తెరిచి వేలితో మూల నుంచి మూలకి గీతలు గీయండి, గీత ఎక్కడ తెగితే అక్కడ టచ్ చచ్చింది. స్టాండు సగం తెరిచి వదిలితే అక్కడే నిలబడాలి. కమాండ్ ప్రాంప్ట్‌లో బ్యాటరీ రిపోర్టు తీసి, డిజైన్ కెపాసిటీ పక్కన ఫుల్ చార్జ్ కెపాసిటీ పోల్చండి. చివరగా గాజు బల్ల మీద బోర్లా పెట్టి మూలలు ఒక్కొక్కటే నొక్కండి. ఏ మూల నొక్కినా అవతలి మూల లేస్తుంటే లోపల బ్యాటరీ ఉబ్బి అద్దాన్ని తోస్తోందన్నమాట. అమ్మేవాడు ఎంత తగ్గించినా అది అక్కడే వదిలేసి రండి.