చెన్నై సాలిగ్రామంలో పదికి పది రాతగది: ఐదేళ్లు వాడాక

రెండో అంతస్తు గది ఇది. పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ 10 అడుగులే. ఉత్తరాన, తూర్పున చెరో స్లైడింగ్ కిటికీ, కింద విట్రిఫైడ్ టైల్స్. ఇందులో జరిగే పని తెలుగు డబ్బింగ్ మాటలు రాయడం. తమిళ సీను ఆపి ఆపి చూస్తూ, పెదాలు మూసుకున్న చోట ప, బ, మ పడేలా మాట వెతికి, పైకి అనుకుంటూ రాయాలి. కాబట్టి గది మంచిచెడ్డలు ముందు చెవికే తెలుస్తాయి.

‘చెప్పమ్మా’ అన్నప్పుడు పెదాలు రెండుసార్లు గట్టిగా మూసుకుంటాయి. ఖాళీ గదిలో, చప్పట్లు కొడితే టింగుమని గోడల మధ్య మోగే గదిలో, ఆ చిన్న ఆగుడు పూడుకుపోతుంది. మాట పొడవు సరిపోయిందో లేదో తేలక ఒకే లైను నాలుగుసార్లు అనాల్సి వస్తుంది. గుడ్ల ట్రే ఆకారంలో దొరికే అంగుళం మందం ఫోమ్ కొనకండి. అది సన్నటి మోతనే తగ్గిస్తుంది, గొంతులోని గుమ్ము అలాగే ఉంటుంది. వీధి చప్పుడునైతే అసలు ఆపదు. నిజంగా పనిచేసింది పాత చీరల బొంత. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. నోటికి ఎదురుగా ఉన్న గోడకి అంటించకుండా, 3 అంగుళాలు ఎడంగా రాడ్డుకి వేలాడదీయాలి. ఆ ఎడమే సగం పని చేస్తుంది. వెనక గోడకి పుస్తకాల అర, కింద జంపఖానా, 5 అడుగుల కిటికీకి 10 అడుగుల గుడ్డ కుచ్చులుగా. వానల నెలల్లో బొంత ముక్కిన వాసన వేస్తుంది, ఎండ కాసిన రోజున ఆరేయక తప్పదు.

హారన్ మోత ఎక్కువగా వచ్చేది అద్దం గుండా కాదు, రెండు కిటికీ తలుపులు కలిసే సందులోంచి. అక్కడి బ్రష్ పట్టీ అరిగితే మార్పించండి. బస్సు గుర్రు మాత్రం దీంతో పోదు.

ఇక గాలి. దీన్ని ఎవరూ పట్టించుకోరు, నా లెక్కలో కుర్చీ కన్నా ఇదే ముఖ్యం. స్ప్లిట్ ఏసీ గదిలో ఉన్న గాలినే చల్లబరుస్తుంది, కొత్త గాలిని తేదు. కూర్చున్న మనిషి గంటకి సుమారు 18 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. ఈ గదిలో గాలి 28 ఘనమీటర్లు. అంటే తలుపులన్నీ బిగిస్తే అది గంటకి 600 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో 600 పాళ్లు) పైనే పెరుగుతుంది. రెండు గంటలయ్యేసరికి బుర్ర మొద్దుబారుతుంది, తప్పేమో సీను మీదికి పోతుంది! గంటకోసారి రెండు కిటికీలూ పది నిమిషాలు తెరవండి. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలయ్యాక తూర్పు కిటికీ ఒక్కటే చాలు.

ఉత్తరపు వెలుతురు నిలకడ అంటారు, నిజమే. కానీ చెన్నైలో ఏప్రిల్ 24 ప్రాంతం నుంచి ఆగస్టు 18 దాకా మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరం వైపే ఉంటాడు. ఆ నెలల్లో సాయంత్రపు ఎండ ఏటవాలుగా ఆ కిటికీలోకి దిగుతుంది. బల్ల కిటికీకి పక్కగా వేసి, వెలుతురు ఎడమనుంచి వచ్చేలా చూస్తే స్క్రీన్ మీద మెరుపు పడదు, రాసే చేతి నీడా పడదు.

పుస్తకాల అరకి 18 ఎంఎం ప్లైవుడ్ వాడండి, ఒక్కో పలక రెండున్నర అడుగులు దాటకూడదు. పార్టికల్ బోర్డు ఇక్కడి తేమకి ఉబ్బి, బరువుకి కుంగుతుంది. బయటి గోడకి 2 అంగుళాలు వదలకపోతే వెనక వరసకి బూజు పడుతుంది. కుర్చీకి ఎత్తు మార్చుకునే వీలుంటే చాలు.

పై అంతస్తులో కుర్చీ లాగే చప్పుడు మాత్రం వీటిలో దేనికీ లొంగదు. అది స్లాబు గుండా దిగుతుంది, ఆపాల్సింది పైనే. కుర్చీకాళ్లకి రబ్బరు తొడుగులు మనమే కొని పైవాళ్లకి ఇస్తే కాదనరు.