ఉద్యమ్ పోర్టల్: పచ్చళ్ళ తయారీదారుగా నా అభిప్రాయం

గుంటూరులో ఇంటి వెనుక షెడ్డులో ఆవకాయ, గోంగూర పచ్చళ్ళు పెట్టి అమ్ముతుంటాను. బ్యాంకు రుణం కోసం, సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థలు నమోదయ్యే కేంద్ర ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో నమోదు చేసుకున్నాను. ఆధార్, పాన్ వివరాలు ఇస్తే చాలు, కాగితాలేవీ జతచేయనక్కర్లేదు. రుసుము పైసా లేదు. ఇదే పనికి డబ్బు గుంజే ప్రైవేటు వెబ్‌సైట్లున్నాయి, వాటి జోలికి వెళ్ళకండి.

జాగ్రత్తగా చూసుకోవాల్సింది రంగం ఎంచుకునే చోటే. పచ్చడి మనమే కలిపి సీసాల్లో నింపితే అది తయారీ, జాతీయ పరిశ్రమల వర్గీకరణలో ఆహార పదార్థాల విభాగం 10. ఎవరో నింపిన సీసాలు తెచ్చి అమ్మితే వర్తకం. తొందరలో రెండోది ఎంచుకుంటే నష్టమే. చిల్లర, టోకు వర్తకులకు 2021లో నమోదు అవకాశం ఇచ్చింది ప్రాధాన్య రంగ రుణాల (కొన్ని రంగాలకు బ్యాంకులు తప్పనిసరిగా కొంత వాటా ఇవ్వాల్సిన రుణాలు) వరకే.

సంస్థ పరిమాణాన్ని లెక్కగట్టే దగ్గరే నాకు పేచీ. 2025 ఏప్రిల్ నుంచి పెట్టుబడి 2.5 కోట్లు, టర్నోవర్ 10 కోట్లు మించకపోతే సూక్ష్మ సంస్థే. నా షెడ్డునూ, తొమ్మిది కోట్ల టర్నోవర్ ఉన్న మిల్లునూ ఒకే గాటన కట్టేశారు! 2015-16 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలోని సుమారు 6.34 కోట్ల సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల్లో 6.3 కోట్లు సూక్ష్మమైనవే. మధ్యతరహావి 5 వేలు. ఇంతమందికీ ఒకే పేరు పెడితే అట్టడుగున ఉన్నవాళ్ళు ఎవరికి కనిపిస్తారు? సూక్ష్మ సంస్థల్లోనే ఇంకో మెట్టు ఏర్పాటు చేయాలి.

నమోదు మాత్రం తప్పక చేయించుకోండి.