గట్టు తగాదా ఊడ్పులకు ముందా, కోతల తర్వాతా?

భీమవరం చుట్టుపక్కల పొలం గట్టు మీద తగాదా వస్తే పెద్దమనుషులు ముందుగా అడిగేది ఒకటే: ఊడ్పులు అయ్యాయా? కాకపోతే అప్పటికప్పుడు తాడు పట్టి కొలిపిస్తారు. అయిపోతే, పంట ఇంటికొచ్చాక కూర్చుందాం అంటారు. దేశాధినేత ఎన్నిక తగాదాల్లో అమెరికాది మొదటి దారి, మనది రెండోది.

అమెరికాలో జనవరి 20న ప్రమాణం. జనం తరఫున అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఎలక్టర్లు డిసెంబరులోనే ఓటు వేయాలి. కోర్టులకు మిగిలేది కొన్ని వారాలే. 2000లో ఫ్లోరిడాలో దాదాపు 60 లక్షల ఓట్లు పోలైతే బుష్‌కు వచ్చిన ఆధిక్యం 537. మళ్లీ లెక్కిస్తుంటే డిసెంబరు 9న సుప్రీంకోర్టు ఆపింది. కౌంటీకో (అంటే అక్కడి జిల్లాకో) తీరుగా లెక్కించడం తప్పని, సరిచేసి లెక్కించే వ్యవధి లేదని 12న తేల్చింది. నిజానికి అక్కడ తీర్పు చెప్పింది క్యాలెండరు.

మన రాజ్యాంగం 71వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి ఎన్నిక వివాదం నేరుగా సుప్రీంకోర్టుకే వెళుతుంది, అదీ ఎన్నిక ముగిశాకే. ఈలోగా గెలిచినాయన సంతకాలు పెడుతూనే ఉంటారు. రేపు ఎన్నిక చెల్లదంటే ఆ సంతకాల గతి? చెల్లుతాయని అదే అధికరణం చెబుతోంది. ఈ ఒక్క మాట వల్ల కోర్టుకు తొందర ఉండదు. 1969లో పోటీ పడిన గిరి, సంజీవరెడ్డి ఇద్దరూ తెలుగువారే. సంజీవరెడ్డిపై కరపత్రాలు పంచారన్న కేసులో గిరి రాష్ట్రపతిగా ఉంటూనే కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పారు. 1970లో కేసు కొట్టేశారు. అంత తీరికగా వినడం అమెరికాకు కుదరదు. నా ఓటు మన పద్ధతికే.

కాకపోతే గుమ్మం మరీ ఇరుకు. 1974 నుంచి పిటిషన్ వేయాలంటే అభ్యర్థి అయినా అయి ఉండాలి, లేదా కనీసం 20 మంది ఎంపీలు, ఎమ్మెల్యేలు కలవాలి. రాష్ట్రపతి ఎన్నికలో మన ఎమ్మెల్యే ఓటుకు 159 విలువ వచ్చింది మన తలలు లెక్కపెట్టే, అదీ 1971 జనాభా లెక్కల నాటి తలలు. ఆ తలలకు మాత్రం కోర్టు మెట్లెక్కే వీలు లేదు.

గుమ్మం దాటినా విచారణ జరుగుతుందన్న హామీ లేదు. 2012లో ప్రణబ్ ఎన్నికపై ఓడిన అభ్యర్థి సంగ్మా వేసిన పిటిషన్‌ను పూర్తి విచారణ అక్కర్లేదంటూ 3-2తో కొట్టేశారు. అక్కర ఉందన్న ఇద్దరిలో జస్టిస్ చలమేశ్వర్ మన పొరుగున ఉన్న కృష్ణా జిల్లావారే. పంట ఇంటికొచ్చాక కూర్చుందామన్న పెద్దమనుషులు అప్పుడూ కూర్చోకపోతే మా ఊళ్లో అయితే ఊరుకోరు.