గరివిడి మాంగనీసుకి జిగ్గా, మాగ్నెట్టా?

విజయనగరం జిల్లా గరివిడి, చీపురుపల్లి వైపు నాసిరకం మాంగనీసు ఖనిజం చేతిలో ఉన్నవాళ్లకి ఎప్పుడూ ఇదే సందేహం: అందులోని వ్యర్థం వేరుచేయడానికి జిగ్ యంత్రమా, మాగ్నెట్ (అయస్కాంత) యంత్రమా అని.

జిగ్: నీటి కుదుపుకి బరువైన ఖనిజం అడుక్కి, తేలికైన క్వార్ట్జ్ (పనికిరాని తెల్లరాయి) పైకి. పెట్టుబడి తక్కువ, నీళ్లు ఎక్కువ. సన్నరజను బురదతో కొట్టుకుపోతుంది.

మాగ్నెట్: రజనునీ పట్టుకుంటుంది. కానీ మాంగనీసుది బలహీనమైన అయస్కాంత గుణం, సుమారు 10,000 గాస్ (అయస్కాంత బలానికి కొలత) యంత్రం కావాలి. కరెంటు బిల్లు టెన్షన్ వేరే. నీళ్లు వాడని రకమైతే ఖనిజం ఆరాలి. మన వానల్లో అయ్యే పనేనా?

అసలు తలనొప్పి ఫాస్ఫరస్ అనే మలినం, ఇక్కడి ఖనిజంలో అది ఎక్కువ. అది విడి అపటైట్ (ఫాస్ఫరస్ ఉండే ఖనిజం) రేణువులుగా ఉంటే మాగ్నెట్ వదిలేస్తుంది. మాంగనీసులోనే కలిసిపోతే రెండూ చేతులెత్తేస్తాయి. అందుకే ముందు ల్యాబ్ పరీక్ష.

గడ్డలూ, నీళ్లూ ఉంటే జిగ్. గనుల పాత వ్యర్థాల గుట్టల్లో రజనుకి మాగ్నెట్.