ముందస్తు సార్వా, ఆలస్యపు సార్వా: గోదావరి డెల్టాలో ఏది మేలు?

సార్వా, అంటే ఖరీఫ్ వరిలో, జూన్ మొదట్లోనే నారు పోసే ముందస్తు సార్వాకు, జులై చివర పోసే ఆలస్యపు సార్వాకు మధ్య, ఋతువులు గతి తప్పుతున్న ఈ కాలంలో, నేను మొదటిదానివైపే మొగ్గుతాను. ఆగస్టు వరదకు లేత నాట్లు మునగడం దాని ప్రధాన లోపమే గాని, సుమారు రెండు వారాల ముంపును ఓర్చుకునే స్వర్ణ సబ్-1 వంటి రకంతో, మురుగు కాలువల పూడికతీతతో కోనసీమ పల్లపు చేలలోనూ ఆ నష్టాన్ని కొంత తగ్గించవచ్చు. ఆలస్యపు పైరు పూత, పాలుపోసుకునే దశల్లోనే అక్టోబరు, నవంబరు తుపానులకు చిక్కుతుంది. పైగా దాని తర్వాత వేసే దాళ్వా (రబీ వరి) వెనకబడి, పూత వేళ 35 డిగ్రీలు దాటిన ఎండ తగిలితే తాలు గింజలు పెరుగుతాయి.