తుది ఫలితం వచ్చేదాకా: వరంగల్‌లోని ఒక ఐసీటీసీ కౌన్సెలింగ్ సేవపై సమీక్ష

ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఐసీటీసీలను, అంటే సమీకృత కౌన్సెలింగ్, పరీక్షా కేంద్రాలను, చాలామంది హెచ్‌ఐవీ పరీక్ష చేసే గదులుగానే చూస్తారు. వరంగల్‌లో నేను వెళ్లిన కేంద్రంలో మాత్రం పరీక్ష కన్నా కౌన్సెలింగే ఎక్కువ పనికొచ్చింది. ఏ కారణంతో వెళ్లాననేది ఈ సమీక్షకు అవసరం లేదు. అక్కడి కౌన్సెలర్ కూడా ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది అన్నవి లెక్క కోసం అడిగారే గానీ మందలించడానికి అడగలేదు.

ఆ గదిలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ‘ఎప్పుడు’ అన్నదే. వైరస్ సోకే అవకాశమున్న ఘటన జరిగి 72 గంటలు దాటకముందే వచ్చినవారికి, అది ఒంట్లో పాతుకోకుండా ఆపే 28 రోజుల పెప్ మందులు మొదలుపెట్టించే వీలుంటుంది. నేను వెళ్లేసరికి ఆ గడువు దాటింది కాబట్టి మిగిలింది విండో పీరియడ్, అంటే వైరస్ సోకినా పరీక్షలో బయటపడని కాలం, గడిచేదాకా ఆగడమే. వైరస్ సోకినా దాన్ని ఎదుర్కోవడానికి ఒంట్లో పుట్టే యాంటీబాడీలు పరీక్షకు అందేంతగా తయారు కావడానికి కొన్ని వారాలు పడుతుందనీ, పీ24 యాంటిజెన్ అనే వైరస్ ప్రొటీన్‌ను కూడా పట్టుకునే నాలుగో తరం ల్యాబ్ పరీక్ష 45 రోజులకు నమ్మదగిన ఫలితం ఇస్తుందనీ, వేలి రక్తంతో చేసే ర్యాపిడ్ కిట్లకు మాత్రం 3 నెలలు నిండాలనీ ఆమె కాగితం మీద గీత గీసి, దాని మీద తేదీలు వేసి చూపించారు. అంతకుముందే హన్మకొండలోని ఒక ప్రైవేటు ల్యాబులో డబ్బు కట్టి పరీక్ష చేయించుకున్నాను. వాళ్లు రిపోర్టును వాట్సాప్‌లో పంపి చేతులు దులుపుకున్నారు. ఆ ఫలితం ఎంతవరకు చెల్లుతుందో ఒక్క ముక్క చెప్పలేదు.

ఆ రిపోర్టులో ‘నాన్ రియాక్టివ్’ (హెచ్‌ఐవీ జాడ కనబడలేదు) అన్న మాట పక్కన దశాంశంలో ఒక అంకె ఉంటుంది. రాత్రంతా ఆ అంకెను తదేకంగా చూస్తూ, ఇంకో ల్యాబులో ఇంకాస్త తక్కువ వస్తుందేమోనని తెల్లారగానే మళ్లీ బయల్దేరేవాళ్లు ఎందరో ఉంటారు. కాలుగాలిన పిల్లిలా ల్యాబుల చుట్టూ తిరిగే ఈ అలవాటును కౌన్సెలర్ బాగా ఎరుగుదురు. నేను నోరు తెరవకముందే, ‘అన్నా, గా నంబరు జూసి పరేషాన్ గావద్దు. ఒకటి దాటకపోతే నాన్ రియాక్టివే. పాయింట్ ఒకటున్నా, పాయింట్ నాలుగున్నా లెక్క ఒక్కటే’ అన్నారు. మెడ కింద బిళ్లలున్నాయేమోనని పదేపదే నొక్కి చూసుకుంటే నొక్కిన చోటే నొప్పి పుడుతుందనీ, వానాకాలంలో వచ్చే ప్రతి జ్వరాన్నీ, నోటిపూతనూ దీనికి ముడిపెట్టవద్దనీ, లక్షణాలను బట్టి అవుననీ కాదనీ ఎవరూ తేల్చలేరనీ కూడా చెప్పారు.

ధైర్యం చెప్పి పంపేయకుండా ఒక పద్ధతి కుదిర్చారు. తుది పరీక్షకు ఒకే తేదీ పెట్టుకోవాలి, ఈలోగా మరో పరీక్ష వద్దు. విషయం పూర్తిగా నమ్మే ఒక్క మనిషికి చెప్పాలి. రాత్రి పడుకునే ముందు ఫోన్‌లో లక్షణాలు వెతకకూడదు. ఫలితం తేలేదాకా కండోమ్ తప్పనిసరి, రక్తదానం అసలే కూడదు. పరీక్ష ఊరికే అయిపోతుందని రక్తదాన శిబిరానికి వెళ్లేవాళ్లు కూడా ఉంటారట! అలా చేస్తే విండో పీరియడ్‌లోని రక్తం ఇంకొకరికి ఎక్కే ప్రమాదం ఉందని గట్టిగా హెచ్చరించారు. వీటిలో ఫోన్ నియమమే నాకు అన్నిటికన్నా కష్టమైంది, ఎక్కువగా పనిచేసిందీ అదే.

మొదటి కిట్‌లో రియాక్టివ్ వచ్చినంత మాత్రాన పాజిటివ్ అని చెప్పరనీ, వేర్వేరు పద్ధతుల్లో మరో రెండు పరీక్షలు చేసి, మూడూ రియాక్టివ్ అయితేనే నిర్ధారిస్తారనీ తెలిశాక నా భయం చాలావరకు అదుపులోకి వచ్చింది. నిజంగా పాజిటివ్ అయినా వైరస్‌ను అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఉచితమనీ, వాటిని క్రమం తప్పకుండా వాడేవారు దాదాపు మామూలు ఆయుష్షుతో బతకగలరనీ ముందే చెప్పడం మంచి పద్ధతి. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదని, ఉద్యోగం ఇవ్వడానికి ఈ పరీక్షను షరతుగా పెట్టకూడదని సంతకం తీసుకునేటప్పుడే వివరించారు.

లోపాలూ ఉన్నాయి. గది బయట పెద్ద అక్షరాల బోర్డు కిందే బెంచీ వేశారు. ఓపీకి వచ్చేవాళ్లంతా ఆ దారినే నడుస్తారు కాబట్టి కూర్చున్నవాళ్లు తల ఎత్తరు. తెలిసినవాళ్లు కనిపిస్తారని జనగామ వాళ్లు వరంగల్‌కూ, వరంగల్ వాళ్లు హైదరాబాద్‌కూ వెళ్లడం ఊరికే కాదు. తలుపు సరిగా మూసుకోదు. మధ్యాహ్నం దాటితే కౌన్సెలర్ దొరకరు, మనిషికి భయం ఎక్కువయ్యేదేమో రాత్రిపూట. అలాంటి వేళల్లో హెచ్‌ఐవీ సమాచారం ఇచ్చే జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) హెల్ప్‌లైన్ 1097కీ, నిద్ర పట్టనంత ఆందోళన ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కీ ఉచితంగా ఫోన్ చేయవచ్చు. రెండింటిలోనూ తెలుగులో మాట్లాడవచ్చు.

తుది పరీక్ష రోజు ఫలితం గంటల్లోనే చేతికొచ్చింది. నాన్ రియాక్టివ్ అని కాగితం ఇచ్చి, ఇక దీని కోసం మళ్లీ రావాల్సిన పనిలేదని ఆమె కచ్చితంగా చెప్పారు. ఇంకొక్కసారి చేయించుకుంటానని నేను అడిగితే ఒప్పుకోలేదు. కౌన్సెలింగ్‌కు ఐదుకు ఐదు, బెంచీ వేసిన చోటుకు ఒకటి.