గింజల పుర్రె: బియ్యమా, నువ్వులా, ఆవాలా?

గింజలు అతికించి పుర్రె బొమ్మ చేసేటప్పుడు, అది తెల్లగా ఉండాలి కదా అని చాలామంది ముందు బియ్యం డబ్బా తీస్తారు. బియ్యపు గింజ పొడవు ఆరేడు మిల్లీమీటర్లు. నుదుటి మీద బాగానే సర్దుకుంటుంది. కనుగుంట అంచుకో చెంప ఎముక మలుపుకో వచ్చేసరికి కొనలు రెండూ గాల్లోకి లేస్తాయి, చెయ్యి తగిలితే రాలిపోతాయి.

ఎముకకు నువ్వులే మేలు. గింజ 3 మి.మీ. ఉంటుంది, చదునుగా ఉంటుంది కాబట్టి ఏ వంపులోనైనా ఒదిగి పడుకుంటుంది. 12 సెం.మీ. బొమ్మకు 50 గ్రాములు చాలు. అదే బియ్యమైతే 100 గ్రాములు దగ్గర పెట్టుకోవాలి. పొట్టు తీయని నువ్వులే కొనండి, పాత ఎముక రంగు వాటిదే. పొట్టు తీసినవి మరీ తెల్లన, పైగా వాటి నూనె కొన్నాళ్లకు కింది కాగితంలోకి ఇంకి మరక పడుతుంది.

గుంటలకు ఆవాలు వాడటం మామూలే గానీ మా ఓటు నల్ల నువ్వులకు. ఆవగింజ నున్నగా మెరుస్తుంది. వెలుగు పడితే గుంట లోతుగా కాక ఉబ్బినట్టు కనిపిస్తుంది. గుండ్రని గింజ కావడంతో జిగురును తాకేది ఒక్క చుక్క మేరే. పల్చగా పూస్తే ఏటవాలులో జారిపోతుంది. మిల్లీమీటరు మందాన జిగురు పూసి, సగం మునిగేలా నొక్కాలి. నల్ల నువ్వులకు ఈ బాధ లేదు. కాకపోతే రంగు పులిమినవి అమ్ముతుంటారు. తడిగుడ్డలో నలిపి చూడండి, నలుపు గుడ్డకు బాగా అంటితే వద్దు.

బియ్యాన్ని పళ్లకు దాచుకోండి. నిలువుగా పక్కపక్కన పేరిస్తే చిన్న బొమ్మకు సరిగ్గా అతుకుతాయి. పెద్ద బొమ్మకు మొక్కజొన్న గింజలు ఇంకా మేలు, కొన లోపలికి, వెడల్పు వైపు బయటికి. రెండింటికీ పురుగు పడుతుంది. గాలి చొరని సంచిలో వారం రోజులు ఫ్రీజర్‌లో ఉంచి, బయట చల్లదనం పోయాకే సంచి విప్పండి. ముందే విప్పితే చెమ్మ పడుతుంది.

ముందు గుంటలు, ఆరాక అంచు వరస పట్టకారుతో, చివర్న నుదురు. ఫెవికాల్‌లో నీళ్లు కలపొద్దు: గింజ తడికి ఉబ్బి, ఆరాక ముడుచుకుని ఊడిపోతుంది. ఒకేసారి రెండంగుళాల మేరే పూయండి.

లోపలి ఆకారానికి ఎండు సొరబుర్ర చక్కగా కుదురుతుంది (తలనూ బుర్రే అంటాం మరి). దాని నున్నటి పైపొరకు జిగురు పట్టదు, గరుకు కాగితంతో రుద్దాలి. కాగితపు గుజ్జుతో దవడ, చెంపలు మనకు కావలసినట్టు మలచుకోవచ్చు. అది పూర్తిగా ఎండకముందే గింజలు అతికిస్తే లోపల బూజు పడుతుంది.

తినే పుర్రె కావాలంటే దారి వేరు. మెక్సికోలో నవంబర్ 1, 2 తేదీల్లో చనిపోయినవాళ్లను తలుచుకునే పండక్కి తోటకూర జాతి గింజల్ని పేల్చి, తేనె లేదా బెల్లం పాకంతో కలిపి పుర్రె అచ్చులో నొక్కుతారు. మన దగ్గర దొరికే రాజ్‌గిరా లడ్డూ పద్ధతే అది. పాకం చల్లారితే ముద్ద కట్టదు, వేడి మీదే నొక్కాలి.

కళ్లకు ఎర్రగా ఉంటాయని గురివింద గింజలు మాత్రం వాడకండి. పెంకు పగిలితే విషం. పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు.